సోమనర్సయ్య పెట్టని పాట

స్టేషన్ ఘన్‌పూర్‌లో మైక్ సెట్ సోమనర్సయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. పాడిన మనిషి పేరు తెలియనిదే పాట పెట్టడు. పాడింది ఎవరు, ఏ ఊరు, ఎవరి బిడ్డ అన్నది మైకులో చెప్పి, గొంతు సవరించుకుని, అప్పుడు మీట నొక్కుతాడు. ఒక పెళ్లిలో వధూవరులు దండలు పట్టుకుని నిలబడి ఉండగా, ఈయన సన్నాయి వాయించినాయన వివరాలు మొదలుపెట్టి ఆ సన్నాయి ఆయన మేనమామ దాకా వెళ్లాడు. చేతులు నొప్పి పుట్టి పెళ్లికొడుకు ముందే దండ వేసేశాడు. సన్నాయి తర్వాత మోగింది.

క్యాసెట్లు ఉన్నన్నాళ్లు ఈ జబ్బు అదుపులోనే ఉండేది. అట్ట మీద పేరు ఉండేది, చదివేవాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలయ్యే నాటికి దుకాణంలోకి కంప్యూటర్ వచ్చింది. హన్మకొండలో ఉండే మేనల్లుడు కల్యాణ్ అందులో పాటలన్నీ పోసి, వాటిని తనంతట తానే సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి బండెక్కాడు. తెలివైనవాడు కాబట్టి మళ్లీ ఆ దిక్కుకు రాలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ సర్దిన తీరు చూడాలి. ఊరూరా సెల్‌ఫోన్లలో పట్టుకొచ్చిన ఉద్యమ పాటలన్నింటినీ ఒక్క కుప్ప పోసి, పైన ‘అన్‌నోన్ ఆర్టిస్ట్’ అని రాసింది. అంతటితో ఆగక, గిటారు పట్టుకున్న తెల్లాయన బొమ్మ ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి ప్రతి పాటకూ అంటించింది. పెద్దవంగర యాకమ్మ నాట్ల పాటకు ఆయనే, మన డప్పుల దరువుకూ ఆయనే.

అన్‌నోన్ అంటే ఏందని సోమనర్సయ్య ఐలేశ్‌ను అడిగాడు. ఐలేశ్ సమ్మెలో ఉన్న ఇంగ్లీషు పంతులు, ఊళ్లో ధర్నా శిబిరానికి పెద్ద. తెలియని మనిషని దాని అర్థం అన్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పకుండా ఉంటే తన బతుకు ఎంత హాయిగా ఉండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

“యాబై ఏండ్ల సంది పైన కూసున్నోళ్లకు మనం తెల్వకపాయె. నేను పైసలు పెట్టి కొన్న డబ్బాకు గూడ తెల్వమా సారూ?” అన్నాడు సోమనర్సయ్య.

ఆ రోజు నుంచి శిబిరానికి పాటలు కరువయ్యాయి. సోమనర్సయ్య ఒంటివేలితో ఒక్కో పాటకు పేరు కొట్టడం మొదలుపెట్టాడు. పెద్దమనుషుల పేర్లు ఊరికే రాస్తే బాగుండదని ప్రతి పేరుకూ ముందు శ్రీ అనో శ్రీమతి అనో తగిలించాడు. దాంతో సాఫ్ట్‌వేర్ జిల్లాలోని కళాకారులందరినీ ఒకే అక్షరం కింద చేర్చింది. తెర మీద ఎంత కిందికి జరిపినా శ్రీ, శ్రీ, శ్రీ అనే కనిపించేది, అసలు పేరు రాకముందే ఆ ఇరుకు గడి నిండిపోయేది. పొద్దున తెరిస్తే సగం మంది మళ్లీ అన్‌నోన్ అయి కూర్చునేవారు. తెల్లాయన మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఈ గందరగోళంలోనే ఒకనాడు ప్రభుత్వ దిష్టిబొమ్మకు శవయాత్ర తీశారు. అందరూ గుండెలు బాదుకుంటూ నడుస్తుంటే, ఆటో మీది మైకులో నుంచి ఏడుపు పాటకు బదులు “వివాహానికి విచ్చేసిన బంధుమిత్రులకు స్వాగతం, భోంచేసి వెళ్లగలరు” అని వచ్చింది. దిష్టిబొమ్మను మోస్తున్న నలుగురిలో ఇద్దరు నవ్వు ఆపుకోలేక పాడె దింపేశారు. ఐలేశ్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా సోమనర్సయ్యను మార్చే దారి లేదు. ఉద్యమానికి కిరాయి లేకుండా మైకు పెట్టేది ఆయనొక్కడే.

అసలు పంచాయితీ ఉప్పు పాట దగ్గర వచ్చింది. వంటావార్పు పేరుతో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకున్న నాడు, చుట్టపు చూపుగా వచ్చిన ఒక లంబాడా ఆమె పప్పు కలుపుతూ తన తండా భాషలో పాట ఎత్తుకుంది. ఎవరో ఫోనులో పట్టుకున్నారు. మధ్యలో “ఉప్పు సరిపోలే” అన్న ఐలేశ్ గొంతు కూడా స్పష్టంగా పడింది. అది ఫోను నుంచి ఫోనుకు పాకి జనగామ, మానుకోట దాటిపోయింది. ఆ భాష రాకపోయినా ఐలేశ్ ప్రతి సభలో దాని భావం వివరించేవాడు. ఆ తల్లి పొయ్యిలోని నిప్పును పోరాటపు నిప్పుతో పోల్చిందనేవాడు. వింటున్న తండా యువకులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. పాపం, ఏడుపు ఆపుకుంటున్నారని ఐలేశ్ అనుకునేవాడు.

ఉద్యమ ఆటపాటల ధూంధాం సభ ఆ పాటతోనే మొదలవుతుందని ఐలేశ్ ఊరంతా గోడల మీద రాయించాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తామన్నాయి. సోమనర్సయ్య మాత్రం పెట్టనన్నాడు.

“పేరు తెచ్చియ్యి, పెడ్త.”

“అన్నా, గామె ఎవలో ఎవలకు ఎరుక? పాట పెట్టకుంటె నా పరువు పోతది.”

“నీ పరువుకు పేరున్నది గద. ఐలేశ్ సార్ పరువు అంటరు. గామె పరువుకు ఏం పేరున్నది?”

ఐలేశ్ కోపంతో తన ఫోనే మైకు దగ్గర పెట్టి వినిపించబోయాడు. సోమనర్సయ్య వైరు పీకి జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు.

ధూంధాం రోజు సాయంత్రానికి జనం విరగబడ్డారు. మైకులు కట్టి ఉన్నాయి, కట్టిన మనిషి లేడు. ఐలేశ్ ఆయన ఇంటికి పరుగెత్తాడు. సోమనర్సయ్య భార్య శోభారాణి వాకిట్లోనే ఎదురైంది.

“నన్నేమడుగుతవు సారూ. వంటావార్పు అయిన కాన్నుంచి గా పాట ఫోనుల ఏసుకొని తండాలు పట్టుకొని తిరుగుతుండు. గీ రాగం బయ్యారం దిక్కుదని ఎవలో చెప్పిన్రట. బస్సులు లెవ్వంటె మోపెడు మీద పోయిండు. నడుము పట్టుకున్నదని అంటడు, మల్ల పోతడు.”

ఇన్నాళ్లు ఆయన పంతం కొద్దీ సతాయిస్తున్నాడని ఐలేశ్ అనుకున్నాడు. వెనక్కి వచ్చేసరికి జనం మధ్య నుంచి దగ్గుకుంటూ మోపెడు వస్తోంది. వెనక సీటు మీద అద్దాల రవిక, చేతుల నిండా తెల్ల గాజులతో ఉప్పు పాట పాడినామె కూర్చుని ఉంది.

సోమనర్సయ్య దుమ్ము కూడా దులుపుకోకుండా మైకు పట్టుకున్నాడు. ఈమె శ్రీమతి రుక్కి అన్నాడు. తండా చెప్పాడు, నాయిన పేరు చెప్పాడు, పాట నేర్పిన అవ్వ పేరు చెప్పాడు. మొదటిసారి జనం ఆయన చెప్పేదంతా కదలకుండా విన్నారు.

తర్వాత రుక్కి మైకు అందుకుంది. “నా పాట అందరు పెట్టుకున్నరట. పెట్టుమంటవా అక్కా అని అడిగినోడు గీ అన్న ఒక్కడే” అంది. ఐలేశ్‌కు సిగ్గేసింది, ముచ్చటా వేసింది. చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది ఆయనే.

“గిది మా బావ మీది పాట” అని రుక్కి కొనసాగించింది. “పని కాడ కానరాడు. ఉడికిందంటె ముందల కూసుంటడు. ఆనాడు ఒక సారు ఉప్పు ఉప్పు అని నా పానం తీసిండు. గాయిన మీద గూడ ఒక చరణం కట్టిన.”

తండా యువకులు ఇక చేతులు అడ్డం పెట్టుకోలేదు. సభ మొత్తం ఐలేశ్ వైపు తిరిగి నవ్వింది. పోరాటపు నిప్పు గురించి ఆయన ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. పాట మాత్రం రుక్కి నోటనే మూడుసార్లు పాడించుకున్నారు.

సభ అయ్యాక సోమనర్సయ్య ఆమెను, వెంట ఐలేశ్‌నూ దుకాణానికి తీసుకొచ్చి, ఆమె ముందే ఒంటివేలితో పేరు కొట్టి చూపించాడు. పేరు పక్కనే గిటారుతో తెల్లాయన ప్రత్యక్షమయ్యాడు.

“గీయన ఎవలన్నా?” అంది రుక్కి.

“గాయిన మనోడు కాదక్కా. గీ డబ్బా ఏడికెల్లో తెచ్చి అందరికి అంటిచ్చింది.”

“పేరేంది?”

సోమనర్సయ్య ఐలేశ్ వైపు చూశాడు. ఐలేశ్ దుకాణం కప్పు వైపు చూశాడు.

“పాపం, గాయినకు గూడ అవ్వ అయ్య పెట్టిన పేరుంటది గద” అంది రుక్కి. “గిన్ని పాటలకు కాపలా కాసిండు.”

సోమనర్సయ్య చాలాసేపు తెల్లాయన మొహంలోకి చూశాడు. ఇన్నాళ్లు తిట్టినందుకు ఆయనకు బాధ కలిగినట్టుంది. లేచి ఇంకో కుర్చీ తెచ్చి కంప్యూటర్ ముందు వేశాడు.

“సారూ, ఇంగ్లీషు వచ్చినోడివి నువ్వే. జర కూసో” అన్నాడు.

ఐలేశ్ నిట్టూర్చి, కూర్చున్నాడు.