ఈ డ్రైవ్ అంటే ఏ డ్రైవ్

మే నెల. ఉదయం పదిన్నర. మా ఊళ్లోనే బర్మామైన్స్ పేటలో మా అక్క పైడమ్మ ఫోటో స్టూడియోలో రిపోర్ట్ చేశాను. పదడుగుల గది. ఎండ నలభై మూడు. కూలర్ ఉంది, అందులో నీళ్లు లేవు. ఆర్మీ సిగ్నల్స్‌లో ఇరవై రెండేళ్లు చేసి హవల్దారుగా రిటైరైనవాణ్ణి. ఎడారి పోస్టింగులో కూడా ఇంత ఉడికిపోలేదు.

సామాను: ఒక పెన్‌డ్రైవ్, కళ్లద్దాలు. ఆర్డరు: సాయంత్రం ఆరింటికి కాసిడీహ్‌లో రిసెప్షన్, అక్కడ పెళ్లి ఫోటోలు తెరమీద ఆడాలి. కంప్యూటర్‌లో సి డ్రైవ్ నిండిపోయి, వాటిని కూర్చే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు. పక్కన డి, దాని పక్కన ఈ. వాటిలో ఒకటి అక్క ముందే ఖాళీ చేసింది, రెండోదాన్లో పెళ్లి ఫోటోలున్నాయి. ఖాళీదాన్ని తీసేసి, ఆ చోటు సి లో కలపాలి. కెమెరా కార్డు అప్పటికే తుడిచేసింది. డిస్కులో ఫోటోలు పోతే మళ్లీ పెళ్లి చేయించలేం.

మా బావ స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆయన్ని యూపీఎస్ దగ్గర కాపలా పెట్టాను.

"మధ్యలో కరెంటు పోతే అన్నీ పోతాయి బావా."

"ఫికర్ మత్ కరో. నానున్నాను గదా," అని దానిమీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

పార్టిషన్ ప్రోగ్రామ్ తెరిచి, చెమట పట్టిన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాను. వెనక నుంచి అక్క గొంతు.

"ఈ డ్రైవు ఖాలీరా తమ్ముడూ. తీసీ."

ఈ మీద డిలీట్ నొక్కాను. తెరిచి చూడలేదు, అక్క మాట ఉంది కదా అనుకున్నాను. మొత్తం చెరిగిపోతుందని హెచ్చరిక వచ్చింది. ఆర్డరు తిరిగి చదవడం పాత అలవాటు.

"ఎకో డిలీట్ సేత్తన్నాను. కన్‌ఫర్మ్ సెయ్."

"ఎకో ఎవుడ్రా?"

"ఈ డ్రైవ్ అక్కా. ఇంగ్లీషు ఈ."

అక్క ముందుకు వంగి డి మీద వేలు పెట్టింది.

"నానన్నది ఈ డ్రైవు. ఇదిగో, ఇది. ఆ సివర్దాన్లో పెళ్లుంది."

రేడియోలో మేం ఎప్పుడూ ఒట్టి అక్షరం పలకలేదు. డి అంటే డెల్టా, ఈ అంటే ఎకో. తెలుగులో ‘ఈ’ అంటే ‘ఇది’ కూడా అని మరిచిపోయాను. భయం వేసింది, అంతలోనే నవ్వొచ్చింది. బావ యూపీఎస్ వదలకుండానే పగలబడి నవ్వాడు.

క్యాన్సిల్ నొక్కాను. ఈసారి డెల్టా తెరిచి చూశాను. ఖాళీ. తీసేశాను. ఆ చోటు సి లోకి సాగింది. రీస్టార్ట్. పన్నెండు నిమిషాలు పట్టింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది.

ఎకో తెరిచాం. మొదట కనబడిన ఫోటో: జీలకర్ర బెల్లం వేళ పెళ్లికొడుకు తుమ్ముతున్నాడు, పెళ్లికూతురు కళ్లు గట్టిగా మూసుకుంది.

"పాడైపోయిందని తీసీద్దావనుకున్నాన్రా. ఇంక తియ్యను," అంది అక్క.

ఫోటోలు కూర్చి పెన్‌డ్రైవ్‌లో వేసి అక్కకిచ్చి, అయిదింటికి ఆటో ఎక్కి బాగ్‌బేరాలోని మా ఇంటికి తిరిగొచ్చాను. ఎన్నో పోస్టింగులు చేశాను. కళ్లు మూసుకుంటే మాత్రం ఇదే కనబడుతుంది: కంప్యూటర్ తెరమీద తుమ్ముతున్న ఆ పెళ్లికొడుకు చెంపమీద అరచెయ్యి ఆనించి, ఏడుస్తూ నవ్వుతున్న మా అక్క.