ప్రార్థనలో పలికిన గిటారు

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు, సహోదరులారా. నేను కాకినాడవాణ్ణి, మస్కట్‌లో ఒక హోటల్ బ్యాండ్‌లో బ్లూస్ గిటార్ వాయించేవాణ్ణి. బ్లూస్ అంటే అమెరికా పత్తిచేలల్లో చాకిరీ చేసిన నల్లజాతివాళ్ళ దుఃఖంలోంచి పుట్టిన పాట, తీగను వేలితో పక్కకు లాగి మనిషి ఏడ్చినట్టు పలికించాలి. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో సినిమా పాటలు వాయించుకునే నాకు అదెలా అబ్బిందో గానీ, అదే నాకు వీసా తెచ్చింది, అదే అన్నం పెట్టింది.

అటువంటి నాకు ఎడమచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. నరం దెబ్బతింది, ఇక విచ్చుకోవు అన్నాడు డాక్టరు. హోటల్‌వాళ్ళు ఇంకొకరిని పెట్టుకున్నారు. ఊరి బయట రుసైల్ అనే ఫ్యాక్టరీల పేటలో ఒక గోదాము దగ్గర కాపలా డ్యూటీ దొరికింది గానీ, ఎక్కడ పాట వినబడినా అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాణ్ణి. గిటారు ఎవరికైనా ఇచ్చేయమన్నాను. నా భార్య గ్రేసు ఇవ్వలేదు, ప్రభువు ఆమెను దీవించును గాక.

అక్కడి మా తెలుగు సంఘంలో కొత్త బండి తాళాలు, పాస్‌పోర్టులు తెచ్చి ప్రార్థన చేయించుకోవడం అలవాటు. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. ఒక శుక్రవారం ఆరాధనకు గ్రేసు గిటారు మోసుకొచ్చింది. "ఆయన చేతికొక్కదానికే కాదన్నా, దీనికి కూడా ప్రార్థన చేయండి," అంది. సిగ్గుతో నేను తల ఎత్తలేదు. సంఘపెద్ద దేవదాసన్న కరీంనగర్ మేస్త్రీ. ఆయన గిటారును నా ఒళ్ళో వెల్లకిలా పెట్టి, నా వేళ్ళకు నూనె రాసి, తలమీద రెండు చేతులూ ఉంచాలి కదా అని ఆ నూనె ఉన్న చిన్న గాజు సీసాను నా ముడుచుకున్న పిడికిట్లోనే ఇరికించాడు.

"తండ్రీ, గీ తమ్ముని చెయ్యి నీదే. నీకెట్ల గావాల్నో గట్ల వాడుకో," అని ప్రార్థించాడు.

ఏడుపు ఆపుకోలేక ముందుకు వంగాను, పిడికిట్లోని సీసా తీగల మీదికి వాలింది, కుడిచెయ్యి దానంతటదే తీగ మీటింది. సీసా ఎటు జరిగితే స్వరం అటు జారుతూ ఏడ్చింది, అచ్చం నేను పోగొట్టుకున్న ఏడుపే! తీగల మీద గాజుగొట్టం జరుపుతూ వాయించే పద్ధతి ఒకటుందని బ్లూస్ వాయించేవాళ్ళందరికీ తెలుసు, నాకూ తెలుసు, వేళ్ళున్న రోజుల్లో దాని జోలికే పోలేదు. ఉలిక్కిపడి ఆపేశాను.

"ఆపకు తమ్మీ, నేను ప్రార్థన జేస్తనే ఉంట," అన్నాడు దేవదాసన్న. గ్రేసు పక్కన మోకాళ్ళూని నవ్వుతూ ఏడుస్తోంది.

నా వేళ్ళు ఈరోజుకీ విచ్చుకోలేదు, చూడండి. వేళ్ళడిగితే ప్రభువు పాటిచ్చాడు, దేవునికే మహిమ. బాగుపడ్డాక వస్తాంలే అని మీరెవరూ ఆగకండి, మీలో ముడుచుకుపోయినదాన్ని అలాగే ఆయన దగ్గరికి తీసుకురండి. నాకు మాటలు అంతగా రావు. గ్రేసూ, ఆ గిటారు ఇలా ఇవ్వు.