సూది దాటిన జిగురు

గున్‌వోర్ ఎక్‌లుండ్ స్వీడన్ దేశపు ఉప్సాలాలో ఒక ప్రయోగశాలలో చేరిన కొత్తల్లో ఆవిడ పని కోడిపుంజుల తురాయిలు కడగడం. అవి గడ్డకట్టి పెట్టెల్లో వచ్చేవి. తరిగి, నానబెట్టి, వడగట్టగా చివరికి గాజుగిన్నె అడుగున చెంచాడు జిగురు మిగిలేది. దాని పేరు హయలురోనిక్ ఆమ్లం. పుంజు తురాయిని నిక్కబొడిచి నిలబెట్టేదీ, మన కంటిగుడ్డులో నిండి ఉండేదీ, మోకాలి కీలులో నూనెలా మెసిలేదీ అదేనట. కోళ్ళ మధ్య పెరిగిన మనిషి గున్‌వోర్. ఆ మాట విన్న వారం అమ్మ దగ్గరికి వెళ్ళి, పెరట్లో పుంజుని కొత్తగా చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది.

ఏళ్ళు గడిచి, కొలిచే యంత్రం ఆవిడ చేతికి వచ్చింది. పలక మీద జిగురు పెడితే, దాన్ని అటూ ఇటూ తెలిసీ తెలియనంతగా కదిపి, ఎంత బిగువుందో కాగితం మీద గీత గీసి చూపించే యంత్రం అది.

అప్పట్లో టూర్‌బ్యోర్న్ అనే రసాయనజ్ఞుడు, అరిగిన మోకాళ్ళలోకి సూదితో ఎక్కించే మందు కోసం, ఆ జిగురు పోగుల్ని ఒకదానికొకటి ముడివేసే పనిలో ఉన్నాడు. ముడులు లేకపోతే మోకాట్లో నాలుగు రోజులు కూడా నిలవదు. ముడులు ఎక్కువైతే సూదిలోంచి దిగదు. సూదిలో నీళ్ళలా జారాలి, దాటాక మళ్ళీ బిగుసుకోవాలి. పోయినవారం నమూనాలు ఆశ పుట్టించాయి. ఇవాళ కూడా అలాగే వస్తే సరి, లేకపోతే ఈ పని మూసేస్తామని పైవాళ్ళు తేల్చేశారు. మధ్యాహ్నమే సమావేశం.

ఆ తొందరలో గున్‌వోర్ జిగురుని సూదిలోంచి పలక మీదికి నొక్కి, వెంటనే మీట తిప్పింది. గీత అడుగునే పాకింది.

"ఎలా ఉంది?" అన్నాడు టూర్‌బ్యోర్న్.

"జావలా ఉంది."

"ఇంకోసారి చూడు."

మరో బొట్టు నొక్కి చూసింది. అదీ జావే.

"మరి పోయినవారం ఎలా బిగిసింది?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు."

తలుపులోంచి మాయ్-లిస్ తొంగి చూసింది. కాఫీ వేళకి అందర్నీ పోగేసేది ఆవిడే. "ఏంటి, ఇద్దరూ అలిగారా? ఫీకాకి రండి. బన్నులు చల్లారిపోతున్నాయి."

"ఇవాళ నాకొద్దు మాయ్-లిస్."

"వద్దంటే కుదుర్తుందా? ఈ ఊళ్ళో కొంపంటుకున్నా ముందు కాఫీ తాగే ఆర్పుతారు. లే!"

ఫీకా అంటే అందరూ కలిసి కాఫీ తాగే వేళ; అది మానడమంటే నలుగురితో పొత్తు వద్దనుకోవడమే. యంత్రాన్ని ఆపడం కూడా మరిచి గున్‌వోర్ వెళ్ళింది. దాల్చినచెక్క బన్నుని తుంపి పళ్ళెంలోనే పెట్టేసింది. టూర్‌బ్యోర్న్ చక్కెర వెయ్యని కాఫీని కలుపుతూ కూర్చున్నాడు.

"పెళ్ళికొచ్చారా, చావుకొచ్చారా?" అంది మాయ్-లిస్.

తిరిగి వచ్చి మీట మీద చెయ్యి వేయబోయి గున్‌వోర్ ఆగిపోయింది. గీత అడుగున లేదు. మెల్లగా, ఎవరూ పిలవకుండానే, పైకి ఎక్కుతూ వచ్చింది. ఇంకా ఎక్కుతోంది.

"టూర్‌బ్యోర్న్, ఇలా రా. చప్పుడు చెయ్యకు."

అతను చూశాడు. "ఏం చేశావ్ నువ్వు?"

"ఏమీ చెయ్యలేదు. కాఫీ తాగొచ్చాను."

అన్నాక ఆ మాట ఆవిడకే తగిలింది. రోజూ జిగురుని సూదిలోంచి నొక్కి, ఫీకాకి వెళ్ళి, వచ్చాకే కొలిచేది. ఆ కాఫీ కూడా కొలతలో భాగమేనని ఎవరికీ తట్టలేదు. సూదిలో నలిగిన పోగులకి కాస్త నిమ్మళం కావాలి. ఇవాళ అదే ఇవ్వలేదు.

"తొందరపడింది నేనే" అంది.

"పద్ధతి కాగితంలో ఆ విరామం రాయనిది నేను" అన్నాడు అతను.

మరో బొట్టు నొక్కి ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. అదీ లేచింది. సమావేశానికి టూర్‌బ్యోర్న్ ఆ గీతలే పట్టుకెళ్ళాడు. వచ్చేటప్పుడు అతని మొహమే చెప్పింది, పని మూతపడట్లేదని.

సాయంత్రం అందరూ కోట్లు తొడుక్కుంటుంటే గున్‌వోర్ పలక కడగడానికి లేచింది. కడగబుద్ధి కాలేదు. నలిగి చెదిరిన పోగులు, కళ్ళూ చెవులూ లేనివి, ఒకదాన్నొకటి ఎలా వెతుక్కున్నాయో! తన మోకాళ్ళలోనూ, చూస్తున్న ఈ కళ్ళలోనూ అదే జిగురు ఉంది కదా అనుకుంది.

"రావా?" అని పిలిచింది మాయ్-లిస్.

"నువ్వు పద."

అవసరం ఏమీ లేదు. అయినా ఇంకొక్క బొట్టు సూదిలోంచి నొక్కి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గీత లేచేదాకా చూస్తూ కూర్చుంది.