గోడ దాటి చూసిన పొట్టి ఆవు

కుప్పంలో మా అత్తగారింటి ప్రహరీ గోడకు ఒకచోట కొత్త ఇటుకలు కనిపిస్తాయి. వానకు కూలిందేమో అనుకునేరు. అది నా చదువు దెబ్బకు కూలింది.

నేను కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాను. మదనపల్లె గ్రంథాలయంలో జంతువులు, మొక్కల పుస్తకాలను మాత్రం అట్టలు తప్ప అన్నీ నమిలేశాను. ఎర్రచందనం మన కొండల సొత్తని, దేవాంగపిల్లి అసలు పిల్లే కాదని, ఇన్ని రకాల ప్రాణులున్న దేశంలో పుట్టడం మన అదృష్టమని ఎదురుపడినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. గౌరవం వల్లే అనుకునేవాణ్ణి.

మా అత్త మార్తమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఒకరోజు నన్ను పిలిచింది.

"మా అమ్మ పుంగనూరు ఆవును సాకింది అల్లుడా. పోయేలోపల నేనూ ఒకదాన్ని సాకాలని ఉండాది. దొడ్డి సిన్నది, దోవ ఇంకా సిన్నది. దానికైతే సరిపోతాది. నువ్వు సదివినోడివి, సూసి తీసుకురా."

సదుం దగ్గర మునెప్ప అనే రైతు ఇంటి ముందు కనిపించిందది. తెల్లగా, నా నడుమెత్తు, వెడల్పాటి నుదురు, బొటనవేలంత కొమ్ములు. పుస్తకంలో బొమ్మ లేచొచ్చి గడ్డి తింటున్నట్టే ఉంది.

"ఈ పుంగనూరు ఆవును నాకియ్యప్పా," అన్నాను.

"ఇది పెయ్యదూడ గదా."

"ఆ జాతే అంత. ముసలిదైనా ఇంతే ఉంటాది."

"మొన్ననే తంబళ్లపల్లెలో కొంటి. నాటుదని సెప్పిరే."

"వాళ్లేం చదివినారు? ఆ నుదురు చూడు."

మునెప్ప చూశాడు. "పుంగనూరు ఆవుకు తోక నేలకు తగలాలంటారే?"

"తోక ఒక్కటే ఇంకా పెరగాల."

నమ్మేశాడు. ఎంత బాగా నమ్మాడంటే, అంత గొప్ప ఆవును అమ్మనే అమ్మనని కూర్చున్నాడు. సాయంత్రం దాకా బతిమాలి ఆటోలో ఎక్కించుకొచ్చాను.

కొన్నాళ్లకు అత్త ఫోన్ చేసింది.

"ఇది పెరుగుతాండాది అల్లుడా."

"మీ చేతి తవుడు మహిమ అత్తా. ఒళ్లు చేసుంటాది."

"ఎవరన్నా పైకి ఒళ్లు చేస్తారా?"

తర్వాత మళ్లీ ఫోను. "గోడమీంద నుంచి రోడ్డున పొయ్యేవాళ్లను సూస్తాండాది."

"మెడ చాపుతుందేమో అత్తా."

తోక తప్ప అన్నీ పెరిగాయి. చివరికి నేనే వెళ్లి, జాతి తేల్చుకుందామని పశువుల ఆసుపత్రికి బయలుదేరదీస్తే, ఇంటికీ గోడకూ మధ్య ఉన్న సందులో పొట్ట ఇరుక్కుంది. సీసా మూతిలో బిగిసిన బిరడాలాగా ముందుకూ రాదు, వెనక్కీ పోదు. ఆవు అరుపుకు వీధంతా చేరింది. గోడ పగలగొట్టక తప్పలేదు.

"ఇదేం జాతి మార్తమ్మా?" ఎవరో అడిగారు.

"పొట్టి జాతి. మా అల్లుడు పుస్తకం సూసి తెచ్చినాడు," అంది అత్త. "మన అడివిలో ఏనుగులుండాయి. దూడలనుకోని ఈయన తోలుకొచ్చేలోపల ఎవరన్నా ఆటికి సెప్పండప్పా."

నేను ఇటుకలు ఏరుతూ తల దించుకున్నాను. మునెప్పకు కబురు పెట్టి, వెనక్కిచ్చేద్దామన్నాను. అత్త ఆవు గంగడోలు నిమురుతూ, "నాకు సాకాలని ఉండె. సాకితిని. ఇంక దీన్ని ఎవరికీ ఇయ్యను," అంది. ఆ మాటకు నా తల మళ్లీ లేచింది. ఎంతైనా ఎంపిక నాదే కదా.

మొన్న అది ఈనింది. చూడబోయాను. దూడకు పొట్టి కాళ్లు, వెడల్పాటి నుదురు, అచ్చం పుస్తకంలో బొమ్మే. నోరు తెరిచాను.

అత్త వెంటనే పాలగ్లాసు అందించింది. "తాగప్పా. నీ నోరు ఖాళీగా ఉంటే మాకు గోడలు నిలవవు."

కాబట్టి చదువరులారా, నేను చదివిన పుస్తకాలన్నిటి సాక్షిగా చెబుతున్నాను: ఇకమీదట ఏ ప్రాణినైనా దాని తల్లిని చూడందే జాతి చెప్పను. తల్లిని చూసినా, అత్త దగ్గరుంటే అసలే చెప్పను.