ఎండకు మూసుకుని వానకు తెరుచుకున్న తలుపులు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, యాప్రాల్‌లోని ఒక ఫ్లాటు వంటింటి పని నా చేతికి వచ్చింది. అప్పుడు లాలాగూడలోని ఒక ఫర్నిచర్ వర్క్‌షాప్‌లో ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఆ హోదా యజమానికి కింద, మేస్త్రికి పైన. ఏ పని ఎలా చేయాలో నేను జాబ్ కార్డు మీద రాసి సంతకం పెడతాను. మేస్త్రి ఆ ప్రకారం చేయిస్తాడు. పూర్తయ్యాక కొలిచి పాస్ చేసేది మళ్లీ నేనే.

పని ఇచ్చినావిడ సుశీల గారు, రిటైరైన టీచర్. సీతాఫల్‌మండిలో వాళ్ల పాత ఇల్లు అపార్ట్‌మెంటు కోసం కూలుస్తున్నారు. ఆ ఇంటి వరండాకు బయటి గోడ మొత్తం టేకు పలకలదే. ఆ పలకలతో యాప్రాల్ ఫ్లాటులో వంటింటి కప్‌బోర్డులు చేయమన్నారు. షరతు ఒక్కటే, పలకల మీది పాత ఆకుపచ్చ రంగు చెక్కుచెదరకూడదు.

పాత చెక్కతో పని కొత్త చెక్కతో చేసినట్టు ఉండదు. ముందు ప్రతి పలక మీద అయస్కాంతం తిప్పి, లోపల విరిగిపోయిన మేకులు వెతికి లాగాలి. ఒక్కటి మిగిలినా రందా మిషన్ బ్లేడు పోతుంది. రంగున్న వైపు అలాగే ఉంచి, రెండోవైపు మాత్రం రందా పట్టి, పలకల అంచులు కలిపి అతికించి పదకొండు తలుపులు చేశాం. చేయించింది ఖాజా మేస్త్రి. పంతొమ్మిదేళ్లుగా నా దగ్గరే పనిచేస్తున్న మనిషి. మే నెలాఖరులో బిగించాం. తలుపుకూ తలుపుకూ మధ్య సందు సమానంగా వచ్చింది. నేను కొలిచి, సంతోషంగా సంతకం పెట్టాను.

జూన్‌లో వానలు మొదలైన వారానికి సుశీల గారు ఫోన్ చేశారు, తలుపులు మూసుకోవడం లేదని. కంపెనీ వ్యాన్‌లో వెళ్లి చూశాను. బయట జోరుగా వాన. పదకొండు తలుపుల అంచులూ అర వేలు మందాన బయటికి వచ్చి ఉన్నాయి. తలుపు మధ్య భాగం లోపలికి దిగి దొన్నెలా వంగింది. సరిచేసి రమ్మని ఖాజాను పంపితే నాలుగు రోజుల తర్వాత వెళ్లి అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

"తలుపులన్నీ సక్కగనే ఉన్నయ్ సార్. గునియా పెట్టి సుత చూసిన. ఏం ముట్టుకోలే," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మూలమట్టం చూసే గునియా అబద్ధం చెప్పదు కాబట్టి, చెబుతున్నది మనిషే అనుకున్నాను. మరో వారానికి మళ్లీ ఆవిడ పిలుపు. నేను వెళితే తలుపులు వంగి ఉన్నాయి. ఖాజా వెళితే బాగున్నాయి. మూడోసారి కూడా అంతే.

"మీరొస్తే ఖరాబ్ అయితయి, ఆయనొస్తే బాగైతయి. మీ మీద అలిగినయా ఏంది సార్?" అన్నారు సుశీల గారు. నవ్వుతూనే అన్నారు గానీ, మేమిద్దరం కలిసి ఆవిడను ఆటపట్టిస్తున్నామన్న అనుమానం ముఖంలో కనిపించింది.

నేను చేయగలిగినవన్నీ చేశాను. తలుపులు తిరిగే ఇనుప కబ్జాలు మార్పించాను. గోడకు తూకం గుండు వేలాడదీసి చూశాను. కప్‌బోర్డు పెట్టెలను మూల నుంచి మూలకు కొలిచాను. ఎక్కడా తేడా లేదు. తేడా దొరికితే దాన్ని పట్టుకుని పోవచ్చు, ఏదీ దొరకకపోతే ఎటు పోవాలి? నా లెక్క ప్రకారం ఆ తలుపులు వంగడానికి వీల్లేదు, కానీ వంగుతున్నాయి. ఇంటికి వెళ్లినా మా ఆవిడ ఏం మాట్లాడుతోందో బుర్రకు ఎక్కేది కాదు.

ఆ అయోమయంలోనే యజమానికి రిపోర్టు రాశాను. "మేస్త్రి తలుపులు పరిశీలించకుండానే బాగున్నాయని చెబుతున్నాడు" అని అందులో ఒక వాక్యం. యజమాని మర్నాడే ఖాజాను మేస్త్రి పని నుంచి తప్పించి గరుకు కాగితం రుద్దే పనిలో పెట్టాడు. తను పని నేర్పిన వాళ్ల కింద కూర్చున్నాడు ఖాజా. నా ముందు ఒక్క మాటే అన్నాడు. "నేను చూడకుండ చెప్పలే సార్."

రెండు వారాల తర్వాత, ఇంకో వాన రోజున, షెడ్డులో గోడకు ఆనించిన ఒక ఆకుపచ్చ తలుపు కనిపించింది. సుశీల గారికి చూపించడానికి మొదట చేసిన నమూనా. అదే పలక, అదే రంగు, అదే తేమ. అయినా స్కేలు పెడితే ఎక్కడా వంపు లేదు. ఇదెందుకు వంగలేదో తెలియక దాని చుట్టూ తిరిగాను. చివరికి తిప్పి చూస్తే వెనకవైపు వార్నిష్ ఉంది. మిగతా పదకొండింటికీ లోపలివైపు ఏ పూతా లేని చెక్కే.

ఖాజాను పిలిచి అడిగాను.

"గా తలుపు కార్డు రాకముందు చేసిన సార్. మేం రెండు దిక్కుల కొడతం. ఒక్క దిక్కు రంగుతోటి బంద్ చేసి ఇంకో దిక్కు ఖాళీ ఉంచితే, ఖాళీ దిక్కు తేమ గుంజుకొని ఉబ్బుతది. ఎండ రాంగనే మళ్ల సర్దుకుంటది," అన్నాడు.

అతను స్కూటర్ మీద తిరిగే మనిషి. వానలు తెరిపిచ్చి, ఎండ కాశాకే యాప్రాల్ వెళ్లేవాడు. నేను ఆవిడ పిలిచిన రోజున, అంటే వానలో వెళ్లేవాణ్ని. అతను చూసిందీ నిజమే, నేను చూసిందీ నిజమే.

జాబ్ కార్డు తీయించాను. "లోపలివైపు వార్నిష్ వద్దు, పప్పులకు వాసన పడుతుంది" అని నా చేతి రాత, కింద నా సంతకం.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"కార్డు ఇచ్చిననాడే చెప్పిన సార్. మీరు ఫోన్ల ఉండిన్రు. చెయ్యి ఊపిన్రు. తర్వాత నేను పోయినప్పుడల్ల తలుపులు సక్కగనే ఉండె, ఇంకేం చెప్పాలె?"

నాకు అసలు గుర్తు లేదు. ఆ రోజే రెండో రిపోర్టు రాసి, తప్పు నాదని మొదటి వాక్యంలోనే పెట్టాను. యజమాని ఖాజాను తిరిగి మేస్త్రిని చేశాడు. తలుపులన్నీ విప్పించి, షెడ్డులో ఆరబెట్టి, లోపలివైపు వాసన నిలవని లక్క పాలిష్ రెండు పూతలు వేయించి బిగించాం. మిగతా వర్షాకాలమంతా సుశీల గారి నుంచి ఫోన్ రాలేదు.

ఖాజా మాత్రం మారిపోయాడు. పని మొదలుపెట్టే ముందు "సార్, గిట్ల చేద్దామా" అని వచ్చే మనిషి, రావడం మానేశాడు. నేనే వెళ్లి అడిగితే మర్యాదగా నిలబడి, "కార్డుల ఏం రాస్తే గదే చేస్త సార్," అనేవాడు. నేను రిటైరయ్యే రోజు వరకూ అంతే.

ఈ వృత్తిలో నాకు ఆలస్యంగా తెలిసింది ఇది. పని చెడితే మేస్త్రి చేతిని అనుమానించే ముందు సూపర్‌వైజర్ తన జాబ్ కార్డు తీసి చదువుకోవాలి. నేను అది తీసింది అన్నిటికన్నా ఆఖర్న.