మూత్రాశయం నుంచి వెన్నుపూస దాకా

మొన్న మా పెదనాన్న మనవరాలు హైదరాబాదు నుంచి నరసరావుపేట వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుండి వెళ్ళింది. మూత్రాశయ క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోంది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరైన వాణ్ణి కనుక, పెసరట్టు తింటూ తన పని గురించి ఓపిగ్గా చెప్పింది. మైక్రో ఆర్ఎన్ఏలని కణంలో పొట్టి పోగులుంటాయట. అవి సొంతంగా ఏ ప్రోటీనూ తయారుచెయ్యవు కానీ జన్యువుల దూకుడును అదుపులో పెడతాయట. వాటిలో కొన్ని తగ్గిపోతే క్యాన్సర్ కణాలు పక్కవాటి పట్టు విడిపించుకుని, రక్తంలో పడి ఎముకల దాకా పోతాయట. వాటి జాడను మూత్రంలోనే పట్టుకోవచ్చేమోనని చూస్తున్నారట. వింటుంటే నాకు వాళ్ళ తాత గుర్తొచ్చాడు. ఆ పిల్ల ఆయన్ని ఫొటోలో తప్ప చూడలేదు.

పెదనాన్నది దుర్గి దగ్గర పల్లె, మిరప సేద్యం, నోట్లో చుట్ట ఆరేది కాదు. నేను నరసరావుపేటలో ఒక ల్యాబులో కొత్తగా చేరిన ఏడాది, కల్లాల్లో మిరపకాయలు ఎండబోసే రోజుల్లో, ఆయనకు మూత్రం ఎర్రగా వచ్చింది. మా పల్నాడులో దానికి పేరు వేడి చెయ్యడం. ఎండా కారమూ కలిస్తే అంత పనీ చేస్తాయని అందరికీ నమ్మకం కనుక పెద్దమ్మ బార్లీ కాచి పోసింది, ఇరుగుపొరుగు సబ్జా గింజలు తెచ్చిచ్చారు, వారం తిరక్కుండా ఎరుపు పోయింది. ఆ రోగంలో ఉన్న మాయే అది, రక్తం దానంతటదే ఆగుతుంది. పేరు మాత్రం బార్లీకి వచ్చింది. మళ్ళీ కనిపించినప్పుడల్లా మళ్ళీ బార్లీయే. ఒక సీసాలో పట్టి తెమ్మని నేను బతిమాలితే, "నొప్పి లేంది రోగమేందిరా? కోతలు కానీ, వస్తాలే" అన్నాడు. మొండిఘటం. నాకు ఆయనంటే కోపమూ ఉండేది, ప్రాణమూ ఉండేది.

కోతలయ్యాయి, మరుసటి ఏటికి నారు కూడా పోశారు. చివరికి నడుము నొప్పితో వంగలేక వచ్చాడు. మూత్రాశయంలో పుట్టిన క్యాన్సర్ అప్పటికే వెన్నుపూసల్లోకి పాకిందని గుంటూరులో డాక్టరుగారు చెప్పారు. తిరుగు బస్సు సత్తెనపల్లి దాటాక పెదనాన్న, "ఏడనో పుట్టింది నడుముకెట్టా బొయ్యిందిరా?" అని అడిగాడు. భయపడి కాదు, తెగులు పక్క చేలోకి ఎలా వచ్చిందని అడిగినట్టే అడిగాడు. తెలియదన్నాను. పై వేసవి ఆయన చూడలేదు.

అప్పట్లో ఈ పరీక్షలుంటే తాతయ్య బతికేవాడేమో అంది మనవరాలు. రోగం బయటపడడానికి మా ల్యాబులో పాత మైక్రోస్కోపే సరిపోయేదమ్మా, ఆయన సీసా తెస్తే కదా అన్నాను. ఇప్పుడు కాలం మారింది, తుమ్మితే పరీక్ష, దగ్గితే స్కానింగు. నడుముకు ఎలా పోయిందో విడమరిచి చెప్పే మనిషి మా ఇంట్లోనే పుట్టింది. అడిగిన మనిషే లేడు.