పైకే పోయే గీత

తిరుత్తణిలో లోకల్ రైలెక్కగానే ప్రొఫెసర్ దామోదరం ముందు రుమాలుతో సీటు తుడుస్తాడు, తర్వాత సంచికి వేలాడే సీసాలోంచి అరచేతిలోకి శానిటైజర్ ఒంపుకుంటాడు, ఆ తర్వాతే క్రిముల గొప్పతనం గురించి ఎత్తుకుంటాడు. ఒకచోట ఎన్ని రకాల క్రిములు కలిసి బతికితే అంత ఎదుగుదల అన్నది ఆయన కట్టిన లెక్క. చెబుతూ వేలితో గాల్లో గీత గీస్తాడు. అది ఎప్పుడూ పైకే పోతుంది. పక్కవాళ్లు తిరువళ్లూరు దాకా నిద్రపోతున్నట్టు నటిస్తారు. ఆయన కింద పరిశోధన చేసే షర్మిలకు ఆ వీలు లేదు. పాండూరు పొలాల మట్టి తెచ్చి, అందులోని క్రిములను ఫ్లాస్కుల్లో పెంచి, ఆ లెక్కను రుజువు చేయాల్సింది ఆమే. తీరా చూస్తే, ఎక్కువ రకాలు కలిపిన ఫ్లాస్కుల్లో ఒకదాంట్లో తప్ప అన్నింట్లోనూ ఎదుగుదల పడిపోయింది. దామోదరం ల్యాబు గడప దాటకుండా, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చూశాడు.

“కంటామినేషన్ మా. బయటి క్రిమి దూరినాది. పారబోసెయ్.”

“యాడ దూరినాది సార్? టెస్ట్ చేసినాను, ఏమీ లేదు. లెక్కే ఒకసారి చూస్తే...”

“లెక్క నేను వేసినాను మా.”

థీసిస్ మీద ఆయన సంతకం పడాలి. షర్మిల పారబోసింది.

నెల తిరక్కుండా కాలేజీ సెమినార్లో తెర మీద ‘వైవిధ్యమే బలం’ అని పెద్ద అక్షరాలు వెలిగాయి. వాటి కింద, మిగిలిన ఆ ఒక్క ఫ్లాస్కు ఒక చుక్కగా కనిపించింది. దాని మీదుగా దామోదరం గీత ఠీవిగా పైకి పోయింది. ఒక్క చుక్క మీదుగా ఏ గీతైనా పోతుందని తెలిసిన లెక్కల ప్రొఫెసర్లంతా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు.